స్ఫటిక నిర్మాణం: ఆ నిర్మాణం దేనిది?

సందేహం: నేను జీవశాస్త్రం చదువుతున్నాను. డీఎన్‌ఏలో చేరిన యూరాసిల్‌ను (అక్కడ ఉండకూడని క్షారం, అంటే గొలుసులో అక్షరంలాంటి భాగం) తీసేసే ఎంజైమ్ గురించి వ్యాసం రాసి, ‘మానవ డీఎన్‌ఏ మరమ్మత్తు ఎంజైమ్ యొక్క స్పటిక నిర్మాణం’ అని పేరు పెట్టాను. ‘స్పటిక’ తప్పనీ, ‘మరమ్మత్తు’లో ఒక తకారం ఎక్కువైందనీ, ‘నిర్మాణం’ అంటే కట్టడం కాబట్టి స్ఫటికాన్ని తయారుచేయడం అనే అర్థం వస్తుందనీ మిత్రులు అన్నారు. నిజమేనా?

సమాధానం: మొదటిది తప్పే. స్ఫటికాన్ని ఫకారంతోనే రాయాలి. స్ఫూర్తి, స్ఫురణ, స్ఫుటం ఆ వరసలోవి. స్పర్శ, స్పష్టం, స్పందన పకారం వరస. పలుకులో రెండూ కలిసిపోవడంతో రాతలోనూ కలిసిపోతున్నాయి.

‘మరమ్మతు’ అరబ్బీలో పుట్టి పారశీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. మూలంలో ఒత్తు మకారానికే ఉంది, తకారానికి లేదు. నేను మరమ్మతు అనే రాస్తాను. అయినా మరమ్మత్తు అన్నవారిని తప్పుపట్టను. విపత్, విద్యుత్ అనే మాటలు విపత్తు, విద్యుత్తు అయినట్టే, కస్రత్ కసరత్తు అయినట్టే, తెలుగు నోరు దీన్నీ తన దారికి తిప్పుకుంది.

అసలు చిక్కు మూడోదానిలో ఉంది, కానీ మీ మిత్రులు చెప్పిన చోట కాదు. ‘వంతెన నిర్మాణం సాగుతోంది’ అంటే పని. ‘అదొక రాతి నిర్మాణం’ అంటే వస్తువు. ‘పరమాణు నిర్మాణం’ అంటే లోపలి అమరిక. ఈ మూడో అర్థం పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడో స్థిరపడింది. స్ఫటికాలను తయారుచేసే పనికి స్ఫటికీకరణం అనే మాట వేరే ఉంది కాబట్టి ఆ భయం అక్కర్లేదు. పైగా నిర్మాణంలోని ‘మా’ ధాతువుకు కొలవడం అని అర్థం. మానం, ప్రమాణం, పరిమాణం దాని నుంచి వచ్చినవే. ఎక్స్ కిరణాలను స్ఫటికం మీదికి పంపి, అవి చెదిరిన తీరును లెక్కగట్టి, ఒక్కో పరమాణువు ఉన్న చోటును నిర్ణయించే పనికి ఇంతకన్నా తగిన మాట నాకు తోచదు.

మరి చిక్కేమిటి? సమాసానికి విగ్రహవాక్యం చెప్పి, అంటే మాటలను విడదీసి వాటి సంబంధం చెప్పి చూడండి. ఉప్పు విషయంలో ‘స్ఫటికం యొక్క నిర్మాణం’ అంటే సరిపోతుంది. అక్కడ తెలుసుకోవలసింది స్ఫటికం అమరికే. మీ వ్యాసంలో తెలుసుకోవలసింది ఎంజైమ్ అమరిక. స్ఫటికం దానికి సాధనం. కోట్ల అణువులు ఒకే తీరుగా బారులు తీరితే తప్ప కిరణాల చెదురు కొలతకు అందదు, అందుకే స్ఫటికం కావలసి వచ్చింది. కనుక ఇక్కడ విగ్రహవాక్యం ‘స్ఫటికంలో కనిపించిన నిర్మాణం’. ఈ తేడా తెలియని పాఠకుడు గాజుపూసలాంటి గట్టి వస్తువును ఊహించుకుంటాడు. ప్రోటీన్ స్ఫటికం మెత్తనిది, అందులో తరచు సగం దాకా నీరే ఉంటుంది. 1926లో రసాయన శాస్త్రవేత్త జేమ్స్ సమ్నర్ యూరియేజ్ అనే ఎంజైమ్‌ను స్ఫటికంగా చేసి చూపేదాకా ఎంజైమ్ స్ఫటికమవుతుందని ఎవరూ చూపలేదు.

మీరు అడగనిది ఇంకొకటి ఉంది. శీర్షికలో ‘మానవ’ దేనికి విశేషణం? డీఎన్‌ఏ పక్కన ఉంది కాబట్టి చదివేవారు డీఎన్‌ఏకే అంటగడతారు. మీ ఎంజైమ్, అంటే యూరాసిల్ డీఎన్‌ఏ గ్లైకోసిలేజ్, నిర్మాణం 1995లో వెలువడింది. మరుసటి ఏడాది అది డీఎన్‌ఏను పట్టుకుని, చెడిన క్షారాన్ని మెలిక నుంచి బయటికి తిప్పి తన గుంటలోకి తీసుకున్న తీరు తెలిసింది. ఆ డీఎన్‌ఏ ప్రయోగశాలలో కూర్చిన చిన్న ముక్క. ఎంజైమ్‌ను కూడా బాక్టీరియాలోనే తయారుచేశారు, కానీ మనిషి జన్యువు చెప్పినట్టు. కనుక ‘మానవ’ ఎంజైమ్‌కే చెందుతుంది, దాని పక్కనే ఉండాలి. అలాగని ‘డీఎన్‌ఏను మరమ్మతు చేసే మనిషి ఎంజైమ్’ అని రాయకండి, మరమ్మతు చేసేది మనిషి అయిపోతాడు. ‘డీఎన్‌ఏను మరమ్మతు చేసే మానవ ఎంజైమ్’ అంటే ఆ ఇబ్బంది రాదు.

అందులో డీఎన్‌ఏ తరవాత ‘ను’ ఎందుకంటారా? ‘పుస్తకం చదివాడు’ అన్నట్టు జడపదార్థాలకు ద్వితీయను వదిలేయడం తెలుగుకు సహజమే. కానీ ఇక్కడ చేసేదీ జడమే, చేయించుకునేదీ జడమే. వదిలేస్తే ఎవరు ఎవరిని బాగుచేస్తున్నారో తెలియదు.

ఒక్క మాట మాత్రం బరువెక్కువైంది. డీఎన్‌ఏలోని సైటోసిన్ అనే క్షారం తన అమైన్ సమూహాన్ని పోగొట్టుకుని యూరాసిల్‌గా మారితే, మీ ఎంజైమ్ దాన్ని కోసి తీసేస్తుంది, అంతే. ఖాళీ అయిన చోట గొలుసును తెంచడం, సరైన న్యూక్లియోటైడ్‌ను (గొలుసులోని ఒక్కో కొక్కేన్ని) చేర్చడం, అతకడం వేరే ఎంజైమ్‌ల పని. ‘మరమ్మతు చేసే’ అంటే పనంతా దీనిదే అనిపిస్తుంది. ‘యొక్క’ను తీసేసి నేనైతే ఇలా పెడతాను: ‘డీఎన్‌ఏ మరమ్మతులో పాల్గొనే మానవ ఎంజైమ్: స్ఫటికంలో తెలిసిన నిర్మాణం’. ఇలా రాస్తే ‘ను’ అవసరమూ తీరిపోతుంది. వ్యాసంలో ఒకసారి విప్పి చెప్పాక, ‘స్ఫటిక నిర్మాణం’ అని నిశ్చింతగా వాడుకోండి.