ఫైనల్ ఫాంటసీ మొదలుపెడుతున్న నానికి పిన్ని రాసేది

నానీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "వాడు సెలవుల్లో ఏదో జపాన్ గేమ్ ఆడతాడంట, పదహారు భాగాలంట, ఒకటో నంబరు నుంచి వరసగా పూర్తి చేస్తాడంట" అని చెప్పింది. ఏ గేమ్ అని అడిగితే ఫైనల్ ఫాంటసీ అంది. అప్పట్నుంచి నీకు ఎప్పుడు రాద్దామా అని చూస్తున్నాను. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఆడుతున్న సిరీస్ అది. ముందే ఒక మాట చెప్తాను, ఒకటి నుంచి మొదలుపెట్టకు.

ఎందుకంటే అవి భాగాలు కావు. సీరియల్‌లో నిన్నటి ఎపిసోడ్ చూడకపోతే ఇవాళ్టిది అర్థం కానట్టు ఇక్కడ ఉండదు. ఒక్కో నంబరుది ఒక్కో లోకం, మనుషులు వేరు, కథ వేరు, చివరికి యుద్ధం చేసే పద్ధతి కూడా వేరు. 1987 డిసెంబర్‌లో హిరోనొబు సకగుచి బృందం నింటెండో వాళ్ళ ఫామికామ్ గేమ్ పెట్టె కోసం మొదటిది చేసినప్పుడు, గెలిచిన కొద్దీ పాయింట్లు పోగై లెవెల్ పెరిగే, అందరికీ తెలిసిన పద్ధతే పెట్టారు. మరుసటి ఏడాది వచ్చిన రెండోదాంట్లో లెవెలే తీసేశారు! కత్తి ఎక్కువ వాడితే కత్తి విద్య పెరుగుతుంది, దెబ్బలు తింటే ప్రాణం పెరుగుతుంది, అంతే. అంటే రెండో గేమ్‌కే మొదటిదాన్ని పక్కన పెట్టే ధైర్యం చేశారన్నమాట, ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. నేరుగా కథ కొనసాగేవి కొన్ని ఉన్నాయి, పదికి ఎక్స్-2, పదమూడుకి మరో రెండు, వాటిని గుర్తుపట్టడం తేలికే.

కాబట్టి వరస గురించి టెన్షన్ పెట్టుకోకు. పదితో మొదలుపెట్టు. 2001లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది, ఎక్స్-2తో కలిపి ఒకే ప్యాక్‌గా స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో దొరుకుతుంది, నీ కాలేజీ లాప్‌టాప్ దాన్ని మొయ్యగలదు. సేల్ పెట్టినప్పుడు కొను, తరచుగానే పెడతారు. పదే ఎందుకంటే, అంతకు ముందు వచ్చిన చాలా భాగాల్లో నువ్వు మెనూ వెతుక్కునే లోపు రాక్షసుడు కొట్టేస్తాడు. పదిలో ఎవరి వంతు వాళ్ళదే, టైమ్ పరిగెత్తదు. తెర మీద కుడివైపు పైన ఎవరి తర్వాత ఎవరో వరసగా కనిపిస్తారు. నువ్వు ఒక కమాండ్ మీద కర్సర్ పెట్టగానే, అది చేస్తే నీ తర్వాతి వంతు ఎంత వెనక్కి పోతుందో ఆ వరసలోనే మారి కనిపిస్తుంది. చదరంగం ఆడిన చేతికి ఇది వెంటనే పడుతుంది, నువ్వు తాతయ్యతో ఆడినవాడివేగా.

ఇందులో ఒక సంగతి చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు, నేనూ అంతే. యుద్ధం మధ్యలోనే మనుషుల్ని మార్చుకోవచ్చు, మార్చినందుకు వంతు పోదు. పైగా ఆ యుద్ధంలో ఒక్కసారి చెయ్యి ఆడించినవాళ్ళకి కూడా, చివరిదాకా బతికుంటే, బలం పెంచే ఏబిలిటీ పాయింట్లు పూర్తిగా వస్తాయి. అందుకని ఎగిరే పక్షి వస్తే వాక్కాని దించు, గట్టి పెంకు ఉన్నది వస్తే ఆరాన్‌ని దించు, జిగురు ముద్దలాంటిది వస్తే లులుతో మంత్రం వేయించు, మిగిలినవాళ్ళకి ఖాళీ ఉంటే ఒక్కో వంతు ఇచ్చి వెనక్కి పంపు. నచ్చిన ముగ్గురినే చివరిదాకా మోస్తే మిగతా నలుగురూ పిల్లల్లా ఉండిపోతారు, అవసరమైన రోజున ఏడుపొస్తుంది.

ఇంక సేవ్ చెయ్యడం. ఇది నువ్వు తప్పకుండా వినాలి. మీ మావయ్య మస్కట్ నుంచి ప్లేస్టేషన్ తెచ్చినప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. ఆడిన ఆటని దాచుకునే ఆ మెమరీ కార్డులో 15 గళ్ళు ఉండేవి, నేను మాత్రం ఒక్క గడి మీదే రాసుకుంటూ పోయాను. ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ అని, సిరీస్‌కి పక్కన వచ్చిన గేమ్ ఒకటుంది. అందులో రియోవానెస్ కోట దగ్గర వరసగా మూడు యుద్ధాలుంటాయి, మధ్యలో సేవ్ చేస్తావా అని గేమే అడుగుతుంది. చేశాను. తర్వాతి యుద్ధంలో హీరో ఒక్కడే వీగ్రాఫ్ అనే శత్రువుకి ఎదురు నిలబడాలి, మావాడికి అంత బలం లేదు, బయటికి వెళ్ళి బలం పెంచుకుందామంటే కోట వదలనివ్వదు. వేసవి సెలవులన్నీ ఆడిన ఆట అక్కడే ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం మీ అమ్మ పెట్టిన మామిడిపండు కూడా ముట్టలేదు, అడుగు, దానికి గుర్తుండే ఉంటుంది. కనీసం రెండు స్లాట్లు పెట్టుకో, మార్చి మార్చి సేవ్ చెయ్యి, ఊరు మారినప్పుడల్లా మూడోదాంట్లో ఒకటి వదిలెయ్యి. స్థలానికి కరువు లేదు కదా ఇప్పుడు.

లోకాలు వేరైనా కొన్ని వస్తువులు మాత్రం చుట్టాల్లా దాదాపు ప్రతి ఇంటికీ వస్తాయి. గుర్రం బదులు ఎక్కే పసుపుపచ్చ పక్షి చొకోబో, తెల్ల బొమ్మల్లాంటి మూగుల్స్, సిడ్ అనే పేరుగల ఒక మనిషి. మంత్రాల పేర్లకీ ఒక వరస ఉంది, ఫైర్ చిన్నది, ఫైరా పెద్దది, ఫైరాగా ఇంకా పెద్దది, ఒకచోట నేర్చుకుంటే ఎక్కడైనా పనికొస్తుంది. ఫీనిక్స్ డౌన్ అని ఒకటుంటుంది, పడిపోయినవాళ్ళని లేపుతుంది. డౌన్ అంటే కింద అనుకుని నేను ఏళ్ళ తరబడి అయోమయపడ్డాను, అది పక్షి ఒంటి మీది మెత్తటి ఈక. ఆ పేరు అర్థమయ్యాక ఆ వస్తువు మీద నాకు ఇష్టం పెరిగింది.

ఆ ఈక చచ్చినవాళ్ళని బతికిస్తే, చచ్చి తిరుగుతున్న దెయ్యాల మీద వేస్తే ఏమవుతుంది? ఆలోచించు. ఆరోదాంట్లో దెయ్యాల రైలు ఒకటి వస్తుంది, పట్టాల మీద పరిగెడుతూ దాంతో పోరాడాలి. నేను రెండుసార్లు ఓడిపోయి, మూడోసారి విసుగొచ్చి ఒక ఈకని రైలు మీద వేశాను. ఒక్క దెబ్బకి అంతా అయిపోయింది. గదిలో ఒక్కదాన్నే లేచి నిలబడ్డాను. ఇది నీకు చెప్పకూడదు నిజానికి, కానీ చెప్తున్నది ఎందుకంటే పదిలో ఇదే రూల్ నీ మీదకి తిరుగుతుంది. గగజెట్ కొండ మీద ఒక శత్రువు ముందు నీవాళ్ళని జాంబీలు చేస్తాడు, తర్వాత ప్రాణం పోసే మంత్రం వేస్తాడు. అప్పుడు నువ్వేం చెయ్యాలో, ఏ సీసా దగ్గర ఉంచుకోవాలో నేను చెప్పను. ఏడేళ్ళ తేడాతో వచ్చిన రెండు వేర్వేరు గేమ్‌ల మధ్య ఇలాంటి దారం దొరికితే వచ్చే ఆనందం కోసమే నేను ఈ సిరీస్‌ని వదల్లేదు.

అందుకే గైడ్ పక్కన పెట్టుకుని ఆడకు రా. ఒక బాస్ (పెద్ద శత్రువు) దగ్గర నాలుగుసార్లు ఓడిపోయాక చూసుకో, తప్పులేదు, కానీ ముందే చూడకు. ఎలిక్సిర్లు, అంటే ప్రాణం నింపే అరుదైన మందు సీసాలు, దాచకు. చివర్లో పనికొస్తాయని దాచి, చివరికి యాభై ఎలిక్సిర్లతో గేమ్ ముగించినవాళ్ళు ఎంతోమంది. ఇబ్బందిగా ఉన్నప్పుడే తాగించెయ్యి.

పది తర్వాత ఆరు. 1994లో వచ్చింది, ఇప్పుడు పిక్సెల్ రీమాస్టర్ పేరుతో మొదటి ఆరూ దొరుకుతున్నాయి. పాత గేమ్ కదా బొమ్మలు చిన్నవే అని తీసిపారెయ్యకు, అరచెయ్యంత తెర మీద అర అంగుళం బొమ్మలు ఒక ఒపెరా పాడతాయి, నొబువో ఉఎమత్సు సంగీతం, విన్నాక మాట్లాడుకుందాం. ఆయన మొదటి తొమ్మిదింటికీ ఒక్కడే సంగీతం చేశాడు. పాత చర్చలు చదివేటప్పుడు మాత్రం జాగ్రత్త. రెండు, మూడు, అయిదు అప్పట్లో అమెరికాలో రాలేదు, అందుకని నాలుగుని అక్కడ రెండు అన్నారు, ఆరుని మూడు అన్నారు. ఎవరైనా "మూడే గొప్పది" అంటే ఏ మూడో కనుక్కో.

ఆ తర్వాత ఏడు, 1997 నాటిదే ముందు ఆడాలి, నా మాట విను. అసలు గేమ్‌లో కొన్ని గంటల్లో దాటిపోయే మిడ్‌గార్ నగరాన్ని 2020 రీమేక్ ఒక పూర్తి గేమ్‌గా పెంచింది, చాలా అందంగా చేశారు, కానీ అది పాతదాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళతో మాట్లాడే గేమ్. నీకు ఆ జ్ఞాపకం లేకపోతే సగం మాటలు గాలికి పోతాయి.

ఎనిమిదిలో నువ్వు బలపడితే శత్రువులూ నీతో పాటు బలపడతారు, కాబట్టి గంటలు గంటలు తిరిగి లెవెల్ పెంచడం అక్కడ దండగ, కార్డులాట ఆడి ఆ కార్డుల్ని వస్తువులుగా మార్చుకో. పన్నెండు నీకు బాగా నచ్చుతుంది, గాంబిట్లు అని పెట్టారు, "మనవాడి ప్రాణం సగం కంటే తగ్గితే క్యూర్ (ప్రాణం నింపే మంత్రం) వెయ్యి" అని నువ్వే షరతులు వరసగా రాసి వదిలితే వాళ్ళంతట వాళ్ళే పోరాడతారు, మీ కంప్యూటర్ క్లాసులో చెప్పేదే అది. పద్నాలుగు మాత్రం బీటెక్ అయ్యేదాకా తాకకు. 2010లో దెబ్బతిని, 2013లో నవొకి యొషిద చేతుల్లో మళ్ళీ లేచిన ఆన్‌లైన్ గేమ్ అది, నిజంగా గొప్పది, ఉచిత ట్రయల్ 70వ లెవెల్ దాకా ఉంటుంది, అదే ప్రమాదం. నేను ఒక సంవత్సరం సాయంత్రాలు దానికిచ్చాను, ఉద్యోగం ఉండబట్టి సరిపోయింది, సెమిస్టర్ ఉంటే సరిపోదు.

రోజుకి రెండు గంటలు పెట్టుకో, అన్నం తినే టైమ్‌కి లే, మీ అమ్మ పిలిస్తే సేవ్ పాయింట్ దాకా ఆగమని అడుగు, అర్థం చేసుకుంటుంది, నాతో వేగిన మనిషి.

పది మొదలుపెట్టాక కొన్ని గంటలకి కిలికా అనే ఓడరేవు ఊరు వస్తుంది. అక్కడ పొద్దు వాలే వేళ కథానాయిక యూనా నీళ్ళ మీద నిలబడి చేసే ఒక పని ఉంది. అది వస్తున్నప్పుడు ఫోన్ పక్కన పడేసి, లైట్ తీసేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడు. చూశాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

మీ పిన్ని