అరిచే రోగి ముందా, అలజడిగా కదిలే రోగి ముందా?

ప్రశ్న: మేడమ్‌ గారికి నమస్కారం. నేను ఈ మధ్యనే కర్నూలులోని ఒక ఆసుపత్రిలో స్టాఫ్‌ నర్సుగా చేరాను. మా వార్డులో మెడికల్‌, సర్జికల్‌ రోగులు కలిసే ఉంటారు. మొన్న రాత్రి డ్యూటీలో నలుగురికి ఒకేసారి నా అవసరం పడింది. గర్భసంచి ఆపరేషన్‌ అయి మూడు గంటలైన ఒకామె నిద్ర పట్టక అటూ ఇటూ కదులుతోంది. కాలి పుండుతో చేరి ఇన్సులిన్‌ తీసుకుంటున్న పెద్దాయనకు చెమటలు పట్టి మగతగా ఉంది. ఏళ్ల తరబడి బీడీలు తాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఇంకొకాయనకు ఆక్సిజన్‌ పెట్టినా సాచురేషన్‌ (రక్తంలో ఆక్సిజన్‌ శాతం) 90 దాటడం లేదు. హెర్నియా ఆపరేషన్‌ అయిన యువకుడు నొప్పి అని అరుస్తుంటే అతని బంధువులు నన్ను చుట్టుముట్టారు. ఇలాంటప్పుడు ఎవరిని ముందు చూడాలి?
– ఒక స్టాఫ్‌ నర్సు, కర్నూలు

జవాబు: ముందుగా చెమటలు పట్టిన పెద్దాయన దగ్గరికి వెళ్లాలి. అదే నిమిషంలో తోటి సిస్టర్‌ను ఆపరేషన్‌ అయిన ఆమె దగ్గరికి పంపాలి. ఇన్సులిన్‌ మీద ఉన్న మనిషికి చెమట, మగత కనిపిస్తే షుగర్‌ పడిపోయిందనే అనుమానించి, వెంటనే గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కన్నా తక్కువ ఉండి, పూర్తి స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించవచ్చు. కానీ మీరు రాసినట్టు మగతగా ఉన్నవారికి నోటి ద్వారా ఏదీ ఇవ్వకూడదు, ఎందుకంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆయన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, డాక్టరుకు కబురు చేసి, మీ ఆసుపత్రి ఉత్తర్వుల ప్రకారం నరానికి డెక్స్‌ట్రోజ్‌ ఎక్కించాలి. 15 నిమిషాల తర్వాత షుగర్‌ మళ్లీ చూడాలి. తేరుకున్నారు కదా అని ఈ రెండో పరీక్షను వదిలేయడం ప్రమాదకరం, ఇన్సులిన్‌ ప్రభావం ఇంకా మిగిలి ఉంటే షుగర్‌ మళ్లీ పడిపోతుంది.

ఆపరేషన్‌ అయిన ఆమె గురించి మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు గానీ, నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించింది ఆమె పరిస్థితే. ఆపరేషన్‌ తర్వాత తొలి గంటల్లో రోగి అలజడిగా కదులుతుంటే, కాదని తేలేవరకు లోపల రక్తస్రావం అవుతోందనో, ఆక్సిజన్‌ అందడం లేదనో అనుకోవాలి. నిద్రమందు గురించి అప్పుడే ఆలోచించకూడదు. ఆమెకు పై బీపీ 110 ఉన్నా ధైర్యపడవద్దు. రక్తం పోతున్నప్పుడు శరీరం రక్తనాళాలను బిగించి, గుండెను వేగంగా కొట్టించి బీపీని చాలాసేపు నిలబెడుతుంది, సుమారు 30 శాతం రక్తం పోయేవరకు అది పడకపోవచ్చు. పల్స్‌ మాత్రం అంతకు చాలా ముందే పెరుగుతుంది. కాబట్టి థియేటర్‌ నుంచి వచ్చినప్పుడు పల్స్‌ 84 ఉండి, ఆ తర్వాత 98, ఇప్పుడు 116 అయితే, ఆ వరుసే మీకు అసలు సమాచారం. చేతులు చల్లబడ్డాయా, కనురెప్పల లోపల పాలిపోయిందా, పొట్ట బిగుసుకుంటోందా చూడండి. డ్రెస్సింగ్‌ పైకి పొడిగా కనిపించినా రక్తం పక్కలకు జారి నడుము కింద చేరుతుంది గనుక అక్కడా చెయ్యి పెట్టి చూడాలి, ప్యాడ్‌ కూడా చూడాలి. యూరిన్‌ బ్యాగ్‌లో కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు, అంటే 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు చేరుతుండాలి.

ఆయాసం రోగికి 90 సాచురేషన్‌ సరైనదే. దీర్ఘకాలంగా ఊపిరితిత్తుల జబ్బు ఉండి కార్బన్‌ డయాక్సైడ్‌ పేరుకునే ప్రమాదమున్న వారికి 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. 98కి తేవాలని ఆక్సిజన్‌ పెంచితే కార్బన్‌ డయాక్సైడ్‌ ఇంకా పెరిగి మగతలోకి జారిపోవచ్చు.

అరుస్తున్న యువకుడికి శ్వాసమార్గం తెరిచే ఉందని ఆ అరుపే చెబుతోంది, అందుకే అతను చివర్లో వస్తాడు. అలాగని అతని నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. నొప్పి తగ్గకపోతే గట్టిగా ఊపిరి తీయడు, దగ్గడు, దానితో నిమ్ము చేరుతుంది. ఇంజెక్షన్‌ ఇచ్చే ముందు మూత్రం ఎప్పుడు పోశాడో అడిగి, బొడ్డు కింద తడిమి చూడండి. వెన్నుకు మత్తు ఇచ్చి చేసిన హెర్నియా ఆపరేషన్ల తర్వాత మూత్రం బయటికి రాకుండా నిలిచిపోవడం తరచుగా జరుగుతుంది, దాన్ని కుట్ల నొప్పిగా పొరబడతాం.

నలుగురి విషయంలోనూ మీరు స్వయంగా చేయాల్సింది ఒకటుంది. వాచీ చూస్తూ పూర్తి నిమిషం పాటు శ్వాసలు లెక్కించాలి. కేస్‌షీట్‌లో వరుసగా అందరికీ 20 అని రాసుకుంటూ పోవడం మన వార్డుల్లో నేను చూసిన అన్ని అలవాట్లలోకీ చెడ్డది. బ్రిటన్‌లోని రాయల్‌ కాలేజ్‌ ఆఫ్‌ ఫిజీషియన్స్‌ 2012లో రూపొందించి 2017లో సవరించిన ‘న్యూస్‌’ అనే హెచ్చరిక స్కోరులో (శ్వాస, పల్స్‌, బీపీ లాంటివి ఎంత తేడాగా ఉంటే అన్ని ఎక్కువ మార్కులు), శ్వాస నిమిషానికి 25 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ ఒక్కదానికే 3 మార్కులు పడతాయి. కొత్తగా వచ్చిన తికమకకూ అంతే. ఒక్క అంశంలో 3 వచ్చినా డాక్టరును పిలవాలి, మొత్తం 7 గానీ అంతకు మించి గానీ వస్తే అత్యవసరంగా పరిగణించాలి.

ఆదోని, పత్తికొండ వైపు నుంచి పాము కరిచి వచ్చేవారి దగ్గర ఈ శ్వాసల లెక్క ప్రాణం నిలుపుతుంది. కట్లపాము కరిచిన చోట వాపు, నొప్పి పెద్దగా ఉండవు, రోగి నిశ్శబ్దంగా పడుకుని ఉంటాడు, కనురెప్పలు వాలి, మాట ముద్దగా మారి, శ్వాస పైపైన ఆడడం మొదలవుతుంది. అలాంటివారిని కళ్లు తెరిచి చూడమని, ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమని మాటిమాటికీ అడుగుతుండాలి.

డాక్టరుకు ఫోన్‌ చేసినప్పుడు "పేషెంట్‌ బాగాలేదు సార్‌" అంటే ఆయనకు ఏమీ తెలియదు. "సార్‌, గర్భసంచి ఆపరేషన్‌ అయి మూడు గంటలైన పేషెంట్‌ అలజడిగా ఉంది. పల్స్‌ 84 నుంచి 116కి పెరిగింది, శ్వాస 26, చేతులు చల్లగా ఉన్నాయి, గంటలో మూత్రం 15 మిల్లీలీటర్లే వచ్చింది. లోపల రక్తస్రావం అవుతోందని నా అనుమానం, మీరు వెంటనే వచ్చి చూడాలి" అని చెప్పండి. ఫోన్‌ చేసిన సమయాన్ని, ఆయన ఇచ్చిన ఆదేశాన్ని కేస్‌షీట్‌లో రాయండి. పది నిమిషాల్లో ఎవరూ రాకపోతే సంకోచించకుండా పై డాక్టరుకు చేయండి.