కొత్త సోషల్ టీచర్‌కు పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

డీఎస్సీలో సోషల్ పోస్టు వచ్చిందని మీ అమ్మ చెప్పగానే చాలా సంతోషమేసింది. తొమ్మిదో తరగతికి ప్రభుత్వాలు, ఆర్థిక వ్యవస్థలు ఎలా చెప్పాలా అని టెన్షన్ పడుతున్నావట. ఏళ్ల తరబడి ఆ పాఠాలే చెప్పినదాన్ని కాబట్టి నాకు పనికొచ్చినవి రాస్తున్నాను.

బోర్డు మీద నిర్వచనంతో మొదలుపెట్టకు. పిల్లలు దాన్ని బట్టీపట్టి పరీక్షలో అప్పజెప్పి మరిచిపోతారు. బడిలో వాళ్లు తినే మధ్యాహ్న భోజనంతో మొదలుపెట్టు. 'ఈ భోజనం మీకు పెట్టాలని ఎవరు నిర్ణయించారు?' అని అడుగు. ఎక్కువమంది ముఖ్యమంత్రి పేరో, ఇంట్లో అభిమానించే పార్టీ పేరో చెప్తారు. తప్పని కొట్టిపారేయకుండా అసలు సంగతి వివరించు.

2001లో రాజస్థాన్ కరవులో ఉంది. అక్కడ జనం ఆకలితో ఉంటే కేంద్రం నడిపే భారత ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యం గుట్టలుగా పడి ఉంది. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు వండిన భోజనం పెట్టాల్సిందేనని ఆ ఏడాది నవంబరు 28న కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. 2013లో పార్లమెంటు ఆహార భద్రత చట్టం చేసి, ఎనిమిదో తరగతి వరకు ఆ భోజనాన్ని హక్కుగా మార్చింది. రోజూ వండించి పెట్టే బాధ్యత ప్రభుత్వాలది. చట్టం చేసేవాళ్లెవరు, అమలు చేసేవాళ్లెవరు, అమలు కాకపోతే అడిగేవాళ్లెవరు అన్నది ఇక్కడే తేలిపోతుంది. తమిళనాడు ఈ పని అంతకు చాలా ముందే మొదలుపెట్టిందని కూడా చెప్పు. ఒక రాష్ట్రం చేసి చూపించింది దేశమంతటికీ చట్టం కావడం సమాఖ్య వ్యవస్థలో ఉన్న మేలు.

నీ క్లాసు పిల్లలకు నేరుగా తగిలే విషయం ఇంకొకటుంది. ఎనిమిదో తరగతి వరకు వంట ఖర్చును కేంద్రం, మన రాష్ట్రం 60:40 నిష్పత్తిలో పంచుకుంటాయి. తొమ్మిది, పది తరగతుల ఖర్చు మాత్రం రాష్ట్రమే భరిస్తుంది. అదే పిల్లాడు, అదే బడి, అదే వంట. తరగతి మారగానే డబ్బు ఇచ్చే చెయ్యి మారింది. కేంద్ర, రాష్ట్ర సంబంధాల గురించి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఎక్కడా దొరకలేదు.

'మా నాన్న పన్ను కట్టడు టీచర్' అంటారు. సబ్బు రేపర్ తీసుకెళ్లి ఎంఆర్‌పీ పక్కన 'అన్ని పన్నులతో కలిపి' అని ఉన్నది చదివించు. ఆదాయపు పన్ను కొందరే కడతారు, జీఎస్టీ మాత్రం సబ్బు కొన్న ప్రతి ఇంటి మీదా పడుతుంది. భోజనం ఎవరో దయతలచి పెడుతున్నది కాదని, అందులో తమ డబ్బూ ఉందని పిల్లలకు తెలియాలి. ఈ ఒక్క విషయం దగ్గర తొందరపడకు.

ఇక ఆర్థిక వ్యవస్థ. అదే కంచంలో అన్నం, కోడిగుడ్డు చూపించు. అన్నం వెనక వరి రైతు ఉన్నాడు. వడ్లకు కేంద్రం ఏటా మద్దతు ధర ప్రకటిస్తుంది, 2025-26లో సాధారణ రకం క్వింటాలుకు 2,369 రూపాయలు. గుడ్డుకు అలాంటి ధర లేదు. చలికాలంలో గిరాకీ పెరిగితే రేటు ఎక్కుతుంది, తగ్గితే కోళ్లఫారం వాళ్లు నష్టపోతారు. ఒకే కంచంలో ఒకదాని వెనక ప్రభుత్వం పూచీ ఉంది, ఇంకోదాని ధర బజారు తేలుస్తోంది. మిశ్రమ ఆర్థిక వ్యవస్థ అంటే ఇదేనని అప్పుడు చెప్పు.

వంట చేసే ఆడవాళ్ల గౌరవ వేతనం ఆంధ్రలో నెలకు 3,000. అది బజారు కూలీ కాదు, ప్రభుత్వం నిర్ణయించింది. 'అది సరిపోతుందా?' అని ఎవరైనా అడిగితే చర్చ జరగనివ్వు. కానీ ఆమె పిల్లలు నీ క్లాసులోనే కూర్చుని ఉండొచ్చు, మాట జాగ్రత్త.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెప్తాను. పిల్లలే కాదు, పెద్దవాళ్లు కూడా ప్రజాస్వామ్యం, పెట్టుబడిదారీ విధానం ఒకటేననీ, నియంతృత్వం ఉంటే అన్నీ సర్కారువేననీ అనుకుంటారు. ఏ దేశం గురించి చెప్పినా రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగించు. పాలించేవాళ్లు ఎలా వస్తారు, వాళ్లను జనం దించగలరా? పొలాలు, ఫ్యాక్టరీలు ఎవరివి, ధర ఎవరు నిర్ణయిస్తారు? చిలీలో 1973 నుంచి 1990 దాకా పినోచె సైనిక పాలన, ఆర్థిక వ్యవస్థను మాత్రం మార్కెట్‌కే వదిలేశారు. చైనాలో పాలించేది ఒకే పార్టీ, అయినా 1978 తర్వాత ప్రైవేటు కంపెనీలు బాగా పెరిగాయి. నార్వేలో రాజు ఉన్నాడు, పాలించేది ఎన్నికైన ప్రభుత్వం, అక్కడి పెద్ద చమురు కంపెనీలో మూడింట రెండు వంతుల వాటా సర్కారుదే. ఈ మూడూ చెప్తే చాలు, పిల్లలే మిగతా దేశాల గురించి అడుగుతారు.

'ఏది మంచిది టీచర్?' అని తప్పకుండా అడుగుతారు. నీ అభిప్రాయం వాళ్ల మీద రుద్దకు, రెండు వైపులా చూపించు. ఫ్యాక్టరీ పెట్టాలన్నా, పెంచాలన్నా సర్కారు లైసెన్సు కావాల్సిన కాలంలో స్కూటర్ బుక్ చేసి ఏళ్లపాటు ఎదురుచూసిన సంగతి తాతల్ని అడిగి రాసుకురమ్మను. పీవీ నరసింహారావు ప్రభుత్వం 1991 జులైలో చాలా పరిశ్రమలకు లైసెన్సు ఎందుకు తీసేసిందో వాళ్లకే అర్థమవుతుంది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు ఇంట్లో ఏం మారిందో నానమ్మల్ని అడిగి రమ్మను. ఆ రెండూ క్లాసులో పైకి చదివించు. బజారు వల్ల ఏం దొరికింది, సర్కారు వల్ల ఏం దొరికింది అన్నది సొంత ఇళ్ల నుంచే వస్తుంది. ఇంట్లో పార్టీల గొడవలున్న పిల్లలు కూడా అప్పుడు కొట్లాడుకోరు.

పరీక్షలో నిర్వచనాలు తక్కువ ఇవ్వు. పేరు చెప్పకుండా ఒక దేశాన్ని నాలుగు వాక్యాల్లో వర్ణించి, నా రెండు ప్రశ్నలకూ జవాబు రాయమను. మొదటి యూనిట్ టెస్ట్ పేపర్ రాయగానే నాకు వాట్సాప్‌లో పంపు, చూసి చెప్తాను.

నీ పెద్దమ్మ