డాక్టర్ సలహా: యాంటీబయాటిక్ వాడితే నీరసం తగ్గింది.. నెలనెలా వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర పల్లె. వయసు 36. మూడేళ్ల క్రితం విషజ్వరం వచ్చి తగ్గాక పట్టుకున్న నీరసం ఇప్పటికీ వదల్లేదు. పాపకి ఒక జడ వేసేసరికి చేతులు పడిపోతాయి. ఒకరోజు పని ఎక్కువైతే రెండ్రోజులు మంచం మీదే. కాకినాడలో చూపిస్తే క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అన్నారు. సంక్రాంతికి ముందు గొంతునొప్పి, జ్వరం వస్తే అజిత్రోమైసిన్ ఐదు రోజులు వాడాను. ఆ తర్వాత కూడా వారం దాకా ఒళ్లు తేలిగ్గా ఉంది, రెండు జడలూ ఒకే విడతలో వేశాను. మళ్లీ మామూలే. ఈమధ్య జ్వరం లేకపోయినా రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అని ఊళ్లో ఆర్‌ఎంపీ గారు లీవోఫ్లాక్సాసిన్ ఇచ్చారు. మడమల వెనక నొప్పి, నిద్ర లేదు, నీరసం రెట్టింపైంది. ‘క్రిములు చస్తున్నాయి, అందుకే అలా ఉంటుంది’ అన్నారు. అజిత్రోమైసినే నెలనెలా వాడొచ్చా? గొంతునొప్పి అప్పుడు మా అత్తగారు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, ఇప్పుడు ఆవిడకీ ఓపిక లేదు. రెండు గేదెలున్నాయి, పాలు తీసేది నేనే.
– ఓ పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఆ వారం మీకు తేలిగ్గా ఉండటం భ్రమ కాదు. మీ నీరసం మనసు పుట్టించిందని ఎవరైనా అని ఉంటే ఆ మాట పట్టించుకోకండి. ఈ జబ్బున్నవాళ్లలో ఒకరు పంటి కోసం వాడిన యాంటీబయాటిక్‌తో ప్రాణం లేచొచ్చిందంటారు, ఇంకొకరు అలాంటి మందుతోనే మంచాన పడ్డామంటారు. ఇద్దరి మాటా నమ్ముతాను. కానీ నెలనెలా అజిత్రోమైసిన్ మాత్రం వద్దు.

మీ ఉత్తరంలో అత్తగారి గురించి రాసిన మాట దగ్గర ఆగి రెండుసార్లు చదివాను. ఓపికకు మించి పని చేస్తే అప్పటికప్పుడు తెలియకుండా మర్నాడో ఎల్లుండో దెబ్బ తీయడం ఈ జబ్బుకు అసలు గుర్తు. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన నిర్వచనంలో కూడా ఇది తప్పనిసరిగా ఉండాల్సిన లక్షణం. గొంతునొప్పితో ఉన్న ఆ ఐదు రోజులూ మీరు పొయ్యి దగ్గరికి వెళ్లలేదు, గేదెల కిందా కూర్చుని ఉండరు. మూడేళ్లలో మీ ఒంటికి వరుసగా అన్ని రోజులు సెలవు దొరకడం బహుశా అదే మొదటిసారి. మీకు కలిసొచ్చినదాంట్లో ఎక్కువ వాటా ఆ విశ్రాంతిదే అని నా నమ్మకం. జ్వరానికి పారాసెటమాల్ కూడా వాడి ఉంటే, ఒళ్లునొప్పులు దానికీ తగ్గుతాయి.

మందు పాత్ర అసలే లేదనను. అజిత్రోమైసిన్ క్రిముల్ని అదుపు చేయడంతో పాటు ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ని, అంటే లోపలి వాపును, కొంత చల్లబరుస్తుంది. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు తరచూ తిరగబెట్టే కొందరికి దాన్ని నెలల తరబడి ఇచ్చేది అందుకే. పేగుల కదలికనూ పెంచుతుంది కాబట్టి కడుపుబ్బరం ఉన్నవాళ్లకు హాయిగా అనిపించొచ్చు. పైగా ఒంట్లోంచి తొందరగా పోదు, సగం పోవడానికే సుమారు మూడు రోజులు పడుతుంది. మాత్రలు అయిపోయాక కూడా మీకు కొన్నాళ్లు బాగుండటానికి అదీ ఓ కారణం కావచ్చు.

అయితే నెలల తరబడి వాడితే నీరసం పోతుందా? నెదర్లాండ్స్‌లో 2007–2010 మధ్య మేకల నుంచి క్యూ ఫీవర్ వేలమందికి సోకింది. జ్వరం పోయినా మీలాగే నీరసం వదలనివాళ్లలో కొందరికి 24 వారాలు డాక్సీసైక్లిన్, ఇంకొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి పోల్చిచూశారు. 2017లో ఫలితం వచ్చింది: ఉత్తుత్తి మాత్రల కన్నా డాక్సీసైక్లిన్ ఎక్కువ మేలేమీ చేయలేదు. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్‌ను తగ్గిస్తుందని రుజువైన యాంటీబయాటిక్ ఈరోజుకీ ఒక్కటీ లేదు. మీరు నెలనెలా వేసుకుంటే పేగుల్లోని మేలుచేసే బ్యాక్టీరియా దెబ్బతింటుంది, కొందరికి గుండె లయ తప్పుతుంది, వినికిడి తగ్గుతుంది. రేపు నిజంగా న్యుమోనియా వచ్చిన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు కూడా.

లీవోఫ్లాక్సాసిన్ ఇంకా వాడుతుంటే ఇవాళే ఆపేసి డాక్టరుకు చూపించుకోండి. మడమ వెనక నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువును ఈ జాతి మందులు దెబ్బతీస్తాయి, ఒక్కోసారి అది తెగిపోతుంది కూడా. నిద్ర చెడటం, నరాల మంటలు కూడా వీటితో వస్తాయి. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందులపై హెచ్చరికను ఇంకా గట్టిచేసింది. ఇకపై ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదట ఈ మందు పేరు, దాంతో మీకేమైందో చెప్పండి. క్రిములు చచ్చేటప్పుడు బాధ పెరగడమనేది నిజంగానే ఉంది, ఎలుక జ్వరం లాంటి కొన్నిటికి మందు మొదలుపెట్టిన తొలి రోజున చలి, జ్వరం పెరిగి ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటాయి. మడమ నొప్పి దాని కిందికి రాదు.

ఇక టైఫాయిడ్. మన గోదావరి జిల్లాల్లో నీరసం అనగానే టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ రక్తపరీక్ష, అందులో పాజిటివ్ అని రాగానే యాంటీబయాటిక్. ఇది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఎప్పుడో సోకి పోయిన టైఫాయిడ్‌కు, వేయించుకున్న టీకాకు కూడా వైడాల్ పాజిటివ్ రావొచ్చు. జ్వరమే లేని మనిషికి ఆ కాగితం చూసి మందివ్వకూడదు. జ్వరం ఉండి అనుమానం వస్తే, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తంలో క్రిముల్ని పెంచి చూసే బ్లడ్ కల్చర్ పరీక్ష చేయించాలి.

గేదెల పాలు మీరే తీస్తారన్నారు కాబట్టి పశువుల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లోసిస్ అనే జబ్బు గురించి డాక్టరుతో తప్పకుండా మాట్లాడండి. వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుంనొప్పి ఉన్నాయేమో గమనించుకోండి. అది తేలితే రెండు మందులు కలిపి ఆరు వారాలు వాడాల్సి ఉంటుంది, అక్కడ యాంటీబయాటిక్ నిజంగానే కావాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ కోసం కఫం పరీక్ష, ఎక్స్‌రే చేయించండి. లీవోఫ్లాక్సాసిన్ కొన్నాళ్లు టీబీని కప్పిపెట్టేస్తుంది కాబట్టి ఆ మందు వాడిన సంగతి కూడా చెప్పండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, షుగర్, బీ12 ఏడాదిగా చూడకపోతే చూపించుకోండి. పడుకుని ఒకసారి, లేచి నిలబడి పది నిమిషాల్లోపు ఇంకోసారి నాడి లెక్కించమనండి. పడుకున్నప్పటి కన్నా నిలబడ్డాక నాడి నిమిషానికి 30 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగితే కళ్లు తిరగడానికీ, నిలబడలేకపోవడానికీ కారణం దొరికినట్టే, దానికి వేరే వైద్యం ఉంది.

నిజంగా ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు యాంటీబయాటిక్‌కి భయపడకండి, డాక్టరు రాస్తే వాడండి. అయితే ఒక నోటు పుస్తకం పెట్టుకుని ఏ మందు, ఎన్నాళ్లు, ఆ రోజుల్లో వంట ఎవరు చేశారు, పాలు ఎవరు తీశారు, మీకెలా ఉంది అని రాయండి. మూడు నాలుగు నెలలు రాస్తే, తేలికైన రోజులు మాత్రల వెంట వస్తున్నాయో విశ్రాంతి వెంట వస్తున్నాయో మీకే తెలుస్తుంది.

బాగున్న రోజున పెండింగు పనులన్నీ ఒకేసారి మీద వేసుకోకండి. ఒంట్లో ఉన్న ఓపికలో కొంత మిగుల్చుకునే పని చేయాలి. వ్యాయామం పెంచుకుంటూ పోతే అదే తగ్గుతుందన్న పాత సలహాను 2021లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లోంచి తీసేశారు. గేదెల పని ఒక పూటైనా మీ ఇంటాయనకి అప్పగించండి. ఈ జవాబు ఆయనతోనూ చదివించండి.

జడల సంగతి: నిలబడి వేయకండి. మంచం మీద కూర్చుని, పాపని కింద పీట మీద కూర్చోబెట్టుకుంటే మోచేతులు మీ మోకాళ్ల మీద ఆనతాయి. ఒక జడ వేశాక పది నిమిషాలు నడుం వాల్చి, అప్పుడు రెండోది వేయండి.