చిన్నీ, ముందు నీళ్ల సంగతి చూడు

చిన్నీ,

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి మీ పెద్దమ్మా నేనూ చాలాసేపు చూశాం. నువ్వు కొని బాగుచేసుకుందామనుకుంటున్న ఆ బండి 1966 ఎయిర్‌స్ట్రీమ్ కారవెల్, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఇల్లులాంటి ట్రైలర్, 17 అడుగులు. చక్రాలు గడ్డిలో కూరుకుపోయినా ఆ గుండ్రటి వెండి ఒళ్లు చూస్తే ప్రాణం లేచొచ్చింది. వాటితోపాటు నువ్వు పంపిన కర్టెన్ల రంగులూ, వంటగట్టు బొమ్మా కూడా బాగున్నాయి. అవి ఓ ఏడాది పక్కన పెట్టు తల్లీ. ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చుకోవాలి.

కోనసీమలో మీ తాతయ్య పెంకుటింట్లో మంచం మీద చుక్క పడితే, ఆయన మంచానికి సూటిగా పైనున్న పెంకు జోలికి పోయేవాడు కాదు. తడి జాడ పట్టుకుని వాసం వెంట పైకి చూసుకుంటూ వెళ్లేవాడు. ట్రైలరూ అంతే. కిటికీ దగ్గర దిగిన నీళ్లు లోపలి రేకుకీ బయటి రేకుకీ మధ్య నుంచి జారి ఎక్కడో వెనక మూల తేలతాయి. లోపలి రేకులు విప్పి, ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. ఇంకొకరు బయట గొట్టంతో కింద నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కో అతుకునీ కొన్ని నిమిషాలు తడపాలి. పైనుంచి పోస్తే నీళ్లు అన్ని అతుకుల మీదా పారి, కారేది ఏదో తెలియదు. నా మొదటి బండికి ఈ పని చెయ్యకుండానే కొత్త నేల వేశాను. రెండో చలికాలానికి వెనక మూల వేలు దిగబడేంత మెత్తబడింది. ఆ బాధ నీకు వద్దు.

కన్నాలు మూయడానికి సిలికాన్ మాత్రం వాడకు. తర్వాత దాని మీద ఇంకేదీ అతకదు. పాలీయురెథేన్ సీలెంట్ తీసుకో.

నేల ప్లైవుడ్ చీకితే పోయేది నేలొక్కటే కాదు. ఈ బండ్లలో పైడొప్ప అడుగు అంచునీ, కింద ఇనప ఫ్రేమునీ బోల్టులు ఆ ప్లైవుడ్ గుండానే కలిపి పట్టుకుంటాయి. అది పోతే డొప్పకి పట్టు పోతుంది. కొత్త ప్లైవుడ్ అంచులకి తడి దిగకుండా ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పట్టించు. అల్యూమినియం, ఇనుము తడిలో ఆనుకుని ఉంటే అల్యూమినియమే పొడిగా రాలిపోతుంది, మధ్యలో టేపు వెయ్యి.

లోపల ఎలుకల పెంటికలు కచ్చితంగా ఉంటాయి. పొడిగా ఊడవకు. ఆ దుమ్ముతో హంటావైరస్ అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. మాస్కూ చేతి తొడుగులూ వేసుకుని, బ్లీచు నీళ్లతో బాగా తడిపాకే తుడువు.

ఆ టైర్ల మీద మాత్రం బండిని ఇంటికి లాక్కురాకండి. టైరు పక్కన DOT అని మొదలయ్యే నంబరు చివరి నాలుగంకెలు తయారైన వారమూ సంవత్సరమూ చెబుతాయి. 2318 అంటే 2018లో 23వ వారం. యాక్సిల్ (చక్రాల ఇరుసు) లోపల రబ్బరు కడ్డీలుంటాయి, ఇన్నేళ్లకు బిగుసుకుపోయి ఉంటాయి. దానికి కొత్త యాక్సిలే మందు.

కరెంటు పని తెలిసినవాళ్లకి అప్పగించు. ఒక్కటి నువ్వే అడిగి తెలుసుకో: ట్రైలర్ కరెంటు పెట్టెలో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలపకూడదు. ఇంట్లో కలుపుతారు కదా అని ఇక్కడా కలిపితే ఒళ్లంతా రేకున్న బండి షాక్ కొట్టొచ్చు. గ్యాసు పైపు ప్రెషర్ పరీక్ష కాకుండా స్టవ్ వెలిగించొద్దు.

ఇక నీ వంటగది. గ్రానైట్ గట్టు వద్దమ్మా, బండి మోయలేదు. విప్పిన పాత బీరువాల్ని తూకం వేసి రాసుకో, కొత్తవి అంతకంటే బరువెక్కనివ్వకు. బరువైనవి యాక్సిల్ దగ్గర, కుడి ఎడమలు సమంగా ఉండాలి. హిచ్ మీద, అంటే కారుకి తగిలించే కొక్కెం మీద, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం పడాలి. అంతకు తగ్గితే హైవే మీద తోక ఊగుతుంది. విప్పిన ప్రతి ముక్కకీ అంకె వేసి, ఫోటో తీసి దాచు. చీకిపోయిన చెక్క కూడా పారెయ్యకు. ఆ గుండ్రటి గోడకి కొత్త చెక్క కోసేటప్పుడు అదే కొలత.

మెరుగు పెట్టడం అన్నిటికంటే చివర. గరుకు కాగితం తాకించొద్దు, పైన ఉన్న స్వచ్ఛమైన అల్యూమినియం పొర చాలా పల్చన.

ఇంకా డబ్బివ్వలేదు అన్నావు కదా. అమ్మే ఆయన దగ్గర టైటిల్ కాగితం, అంటే బండి తనదేనని చూపే పత్రం, ఉందో లేదో, అందులో నంబరూ బండి మీద నంబరూ ఒకటేనో కాదో చూడకుండా ఇవ్వకు. శనివారం పొద్దున్నే నేనూ వస్తాను. టార్చీ, పొడుగు స్క్రూడ్రైవరూ నేను తెస్తా. వెనక బంపరు దగ్గర నేల పొడిచి చూశాకే బేరం మాట్లాడదాం.

మీ పెదనాన్న