స్లాట్ దొరికిన రోజు గేటు బయట నిలబడినావిడ

"2021లో కరోనా టీకా స్లాట్ కోసం మీ ఇంట్లో ఎన్నాళ్ళు ఎదురుచూశారు, చివరికి ఎలా దొరికింది?" అని అడిగారు.

లెక్క చెప్పాలంటే, అమ్మకి మొదటి డోసు స్లాట్ ఒక్క రాత్రిలో దొరికింది. నాన్నకి రెండో డోసు గడువు దాటాక ఇంకో నెల రోజులు పట్టింది. నాకు జూన్‌లో ఆఫీసు వాళ్ళు డబ్బు కట్టి వేయించారు, నేనేమీ కష్టపడలేదు. వీటిలో నాకు ఇప్పటికీ మనసులో మెదిలేది సులువుగా దొరికిన ఆ అమ్మ స్లాటే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

మేం ఉండేది అల్వాల్‌లో. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. 64 ఏళ్ళు, బీపీ ఉంది. మార్చి 1 నుంచి 60 దాటినవాళ్ళకి వేస్తున్నారని తెలిసినా, ఎండలు చూసి, వాళ్ళ మాటా వీళ్ళ మాటా విని, ఏప్రిల్ 5న వెళ్ళారు. దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 250 రూపాయలు కట్టి కోవాగ్జిన్ వేయించుకున్నారు. లైను కూడా లేదు. అరగంట కూర్చోబెట్టి పంపించేశారు. ఆయనతో పాటు రోజూ వాకింగ్‌కి వచ్చే స్నేహితుడు కూడా అదే రోజు వేయించుకున్నాడు.

అమ్మ మాత్రం "నేను ఇల్లు కదలను కదా, నాకెందుకు" అంది. పదిహేను రోజులు తిరిగేసరికి మా వీధిలోనే మూడిళ్ళలో పాజిటివ్. రాత్రిళ్ళు అంబులెన్సు చప్పుడు వినపడితే లేచి కూర్చునేది. ఏప్రిల్ 21 రాత్రి తనే అడిగింది, "నాకూ ఏదైనా చూడరా" అని. టీకా బుకింగ్‌కి ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైటు కోవిన్ తెరిచి మా పిన్‌కోడ్ కొడితే అన్నీ నిండిపోయి ఉన్నాయి. పక్క పిన్‌కోడ్లు కొట్టాను, అవీ అంతే. జిల్లా మార్చి వెతికాను. సిద్దిపేట జిల్లాలో గజ్వేల్ అవతల ఒక ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మర్నాటికి ఖాళీలు కనిపించాయి. రెండు నిమిషాల్లో బుక్ అయిపోయింది. పరీక్ష పాసైనంత సంతోషం వేసింది. చెల్లికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

పొద్దున్నే కారులో బయల్దేరాం. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీ వస్తుంది. నాన్నకి వేసిన కోవాగ్జిన్ తయారయ్యేది అక్కడే. "మనింటి పక్కనే చేస్తున్నారు, నీకేం భయం లేదు" అని అమ్మతో అన్నాను. నాన్న రెండో డోసు కోసం ఆ మాటే తల్చుకుని బాధపడాల్సి వస్తుందని అప్పుడు తెలియదు.

ఆరోగ్య కేంద్రం చిన్నది. ముందు ఒక వేపచెట్టు, దాని కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. గేటు బయట నాలుగైదు కార్లు ఆగి ఉన్నాయి. అన్నీ హైదరాబాద్ నుంచి వచ్చినవే. టీకాలు వేసే ఏఎన్ఎం (ఊళ్ళలో పనిచేసే ఆరోగ్య కార్యకర్త) చేతిలో ఒక ప్రింటు తీసిన లిస్టు ఉంది. ఆ రోజు స్టాకు తక్కువట, ముందు ఆన్‌లైన్లో పేరున్నవాళ్ళకే అని చెబుతోంది. లిస్టులో పేర్లు చదువుతుంటే లోపలికి వెళ్తున్నవాళ్ళు దాదాపు అందరూ మాలాగా కార్లలో వచ్చినవాళ్ళే.

గేటు దగ్గర ఒక ఆలుమగలు నిలబడి ఉన్నారు. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి. ఆవిడ చేతిలో పాలిథిన్ కవరు, అందులో రెండు ఆధార్ కార్డులు మడత పడకుండా అట్ట ముక్క పెట్టి చుట్టి ఉన్నాయి. "ఆన్‌లైన్ల పేరు లేదమ్మా, రేపు రా" అంది ఏఎన్ఎం. "మూడు దినాల సంది వస్తున్నం మేడం, ఉపాధి పని పోతున్నది" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, ఉన్న సంగతి చెబుతోంది, అంతే. ఎండాకాలంలో ఉపాధి హామీ పని పొద్దున ఎండ ముదరకముందే అవుతుంది. ఇక్కడ నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే.

నేను అమ్మ చెయ్యి పట్టుకుని వాళ్ళ పక్కనుంచే లోపలికి తీసుకెళ్ళాను. అప్పుడు నా బుర్రలో ఉన్నదల్లా అమ్మకి సూది పడిందా లేదా అన్నదే.

అమ్మది కోవిషీల్డ్. చివరి సీసాకి తొమ్మిది మందే మిగిలారు, స్లాట్ తీసుకున్న ఇంకొకరు రాలేదు. ఒక్కో సీసాలో పది డోసులు ఉంటాయి, మూత తీస్తే నాలుగు గంటల్లో వాడేయాలి. ఏఎన్ఎం ఫ్రిజ్ పెట్టెలోంచి సీసా తీసి, లేబుల్ చూసి, తెరవకుండా అలాగే చేతిలో పట్టుకుంది. ఆ సీసా చిటికెన వేలంత కూడా లేదు. రెండు మూడు నిమిషాలు లిస్టు వంకా గేటు వంకా చూసి, "ఏమ్మా, నువ్వొక్కదానివి రా లోపలికి" అని పిలిచింది. ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన "నువ్వు పో, నేను రేపొస్త" అన్నాడు. ఆవిడ చెప్పులు గేటు దగ్గరే విప్పి, అంత ఎండలో ఆ సిమెంటు మీద ఒట్టికాళ్ళతో నడిచి వచ్చింది. అమ్మ పక్క కుర్చీలోనే కూర్చోబెట్టారు.

అరగంట సేపు ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఎంతమంది పిల్లలు, జ్వరం వస్తుందట కదా, ఏ మాత్ర వేసుకోవాలి, ఇవే మాటలు. వాళ్ళింట్లో ఉన్నది నొక్కుడు బటన్ల ఫోను. కొడుకు ఏదో కంపెనీలో పని చేస్తూ దూరంగా ఉంటాడు, ఆన్‌లైన్ సంగతి చెప్పేవాళ్ళు లేరు. తిరిగి వస్తుంటే అమ్మ, "వాళ్ళ ఊళ్ళో వాళ్ళకి పెట్టిన సూది మనం పొడిపించుకుని వస్తున్నాంరా" అంది. నాకు నోరు పెగల్లేదు. కోవిన్‌లో నేను చేసింది నిబంధనల ప్రకారం తప్పేమీ కాదు. అప్పట్లో దేశంలో ఎక్కడైనా బుక్ చేసుకునే వీలుండేది. కానీ ఆ కేంద్రానికి డోసులు లెక్కపెట్టి పంపింది ఆ చుట్టుపక్కల ఊళ్ళని చూసి. నా దగ్గర స్మార్ట్‌ఫోన్, వైఫై, కారు ఉన్నాయి కాబట్టి ఆ మొగుడు మర్నాటికి వాయిదా పడ్డాడు.

ఇంటికొచ్చి చెబితే నాన్న ఒక మాట అన్నారు. "పల్లెవెలుగు బస్సులో సీట్లన్నీ రిజర్వేషన్‌కి ఇచ్చేస్తే దార్లో చెయ్యెత్తేవాళ్ళు ఎట్లా పోతార్రా?" ముప్ఫై ఏళ్ళు టికెట్లు కొట్టిన మనిషి కాబట్టి ఆయనకి అది వెంటనే తట్టింది.

రెండు వారాలు తిరక్కుండానే అలా చెయ్యెత్తి నిలబడే వంతు ఆయనకే వచ్చింది. కోవాగ్జిన్ రెండో డోసు 28 రోజులకి, అంటే మే 3 నాటికి. సరిగ్గా మే 1 నుంచి పద్ధతి మారింది. 18 దాటిన అందరికీ తలుపులు తెరిచారు, ప్రైవేటు ఆసుపత్రులు టీకాలు కంపెనీల దగ్గర సొంతంగా కొనుక్కోవాలన్నారు. నాన్నకి మొదటి డోసు వేసిన ఆసుపత్రికి వెళ్తే గేటుకి "నో స్టాక్" అని కాగితం అంటించి ఉంది. ఎప్పుడొస్తుందని అడిగితే సెక్యూరిటీ అతను చేతులు తిప్పాడు. లోపల అడిగినా అదే జవాబు.

కొరత ఎంతుందో ఒక్క లెక్క చాలు. దేశంలో 18 దాటినవాళ్ళు దాదాపు 94 కోట్ల మంది. ఒక్కొక్కరికి రెండేసి డోసులు. మే నెల మొత్తానికి ప్రభుత్వం చెప్పిన సరఫరా 8 కోట్ల డోసులకి లోపే. కోవాగ్జిన్ అయితే ఒక బ్యాచ్ తయారీ మొదలుపెట్టిన దగ్గర్నుంచి జనానికి చేరేదాకా నాలుగు నెలలు పడుతుందని కంపెనీయే చెప్పింది. అంటే మేలో మనం ఎంత గగ్గోలు పెట్టినా, జనవరిలో మొదలుపెట్టిన బ్యాచ్‌లే చేతికొస్తాయి. ఈ సంగతి ముందే అందరికీ అర్థమయ్యేలా చెప్పి ఉంటే, రాత్రంతా ఫోన్ల ముందు కూర్చుని "మన వేళ్ళే నెమ్మది" అని తిట్టుకునే బాధ తప్పేది. నేనైతే అలాగే తిట్టుకున్నాను. ఓటీపీ రావాలి, అది కొట్టాలి, పిన్‌కోడ్ కొట్టాలి, బొమ్మలో వంకర అక్షరాలు చూసి టైపు చేయాలి, ఇంతలో ఖాళీ కాస్తా నిండిపోయేది. చెల్లి ఒక ఫోన్లో, నేను లాప్‌టాప్‌లో. దొరికినట్టే కనిపించి చేజారిన రాత్రులు నాలుగున్నాయి.

ఆ తర్వాత మా రాష్ట్రంలో మొదటి డోసులు ఆపి రెండో డోసు వాళ్ళకే ఇస్తామన్నారు. మధ్యలో కొన్ని రోజులు అదీ ఆగింది. మే 12న లాక్‌డౌన్ వచ్చింది. నాన్న తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రభుత్వ కేంద్రం దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. అక్కడ మనుషుల బదులు ఆధార్ జిరాక్సులు లైన్లో ఉండేవి, ఒక్కో కాగితం మీద ఒక్కో రాయి. వాటి ఓనర్లు దూరంగా గోడ నీడన కూర్చునేవాళ్ళు. ఒక పెద్దాయన నోటుబుక్కులో వరసగా పేర్లు రాసేవాడు. సిబ్బంది వచ్చి "ఆ లిస్టు మాకు తెలీదు" అనగానే అందరూ లేచి గేటు మీద పడేవాళ్ళు. ఎడం పాటించమని మైకులో చెబుతూనే ఉండేవాళ్ళు. టీకా కోసం వెళ్ళి జబ్బు తెచ్చుకుంటారేమోనని నాకు ఒకటే టెన్షన్.

మే మూడో వారంలో నాన్న స్నేహితుడు ఆసుపత్రిలో చేరాడు. తిరిగి రాలేదు. ఆయనా రెండో డోసు కోసం అదే లైన్లో నాన్నతో పాటు రెండుసార్లు నిలబడ్డాడు. ఆ తర్వాత వారం రోజులు నాన్న టీకా ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జూన్ 4న దొరికింది. కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో టోకెన్లు ఇచ్చి పద్ధతిగా పిలిచారు. మొదటి డోసుకీ రెండో డోసుకీ మధ్య 60 రోజులు. ఆలస్యమైతే మొదటిది వృథా అవుతుందా, మళ్ళీ మొదట్నుంచి వేయించుకోవాలా అని ఆయన భయం. "అదేం అక్కర్లేదు పెద్దాయనా, రెండోది వేస్తే చాలు" అని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. అది విని ఆ రాత్రి నిద్రపోయారు.

ఇదంతా జరుగుతున్నప్పుడే తెనాలి దగ్గర మా ఊళ్ళో పెద్దమ్మకి రెండో డోసు ఏ హైరానా లేకుండా అయిపోయింది. ఆమెకి కోవిన్ అంటే ఏమిటో ఈ రోజుకీ తెలియదు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి స్లిప్పు ఇచ్చింది, ఏ రోజు ఎన్నింటికి రావాలో చెప్పింది, ఆ టైముకి వెళ్ళి వచ్చింది. జూన్‌లో ఐదేళ్ళ లోపు పిల్లలున్న తల్లులకి వేస్తామని ఆంధ్రలో ప్రకటించినప్పుడు మా వదినకీ అలాగే కబురొచ్చింది. జూన్ 20న ఆ రాష్ట్రంలో ఒక్క రోజులో 13 లక్షల మందికి పైగా వేశారంటే, ఇలా గడప గడపకీ తిరిగి జాబితా రాసుకున్న ఆడవాళ్ళ కాళ్ళ బలమే దానికి ఆధారం. అక్కడా కొరత ఉంది, తోపులాటలు ఉన్నాయి, మేలో లైన్లలో జనం సొమ్మసిల్లారు. అయినా ఎవరికి ఎప్పుడో చెప్పే మనిషి ఒకరు ఇంటి ముందుకు వస్తే ఎదురుచూపు ఎంత తేలికవుతుందో పెద్దమ్మని చూసి తెలిసింది.

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. రేపు మళ్ళీ ఇలాంటి అవసరం వస్తే, ఆన్‌లైన్ వద్దనను. నాలాంటివాళ్ళు ఇంట్లో కూర్చుని బుక్ చేసుకుంటే లైను తగ్గుతుంది, అది మంచిదే. కానీ ప్రతి ఊరి కేంద్రంలోనూ సగం డోసులు ఆ ఊళ్ళ నుంచి నడిచి వచ్చేవాళ్ళకి విడిగా ఉంచాలి. ఆ వాటా మా ఫోన్లకి అసలు కనపడకూడదు. ముందస్తు బుకింగ్ లేకుండా నేరుగా కేంద్రానికి వచ్చి పేరు రాయించుకునే వీలు 45 దాటినవాళ్ళకి కాగితం మీద మొదట్నుంచీ ఉంది, జూన్ 21 నుంచి 18 దాటిన అందరికీ అన్ని కేంద్రాల్లోనూ అన్నారు. ఆ వీలు కేంద్రాల్లో నిజంగా అమలై ఉంటే, 45 దాటిన పేదవాళ్ళు ఆ రెండు నెలలు అలా కాళ్ళరిగేలా తిరిగేవాళ్ళు కాదు.

అమ్మ రెండో డోసు సంగతి మిగిలింది. మొదటిది వేయించుకున్నప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాలన్నారు. మే 13న దాన్ని 12 నుంచి 16 వారాలకి పెంచారు. ఏప్రిల్ 22 నుంచి లెక్కపెడితే 84 రోజులకి జూలై 15 వచ్చింది. అప్పటికి మా ఇంటి దగ్గరే దొరుకుతోంది. పది నిమిషాల్లో అయిపోయింది. సూది వేసిన నర్సమ్మని అమ్మ అడిగింది, "గజ్వేల్ అవతల ఊళ్ళలో కూడా ఇప్పుడు రోజూ వేస్తున్నారామ్మా?" అని. నర్సమ్మ వేస్తున్నారంది. "ఇద్దరికీ పడి ఉంటుందిలే" అని అమ్మ దూదిని చేతికి అదిమి పట్టుకుని, అరగంట కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంటూ వెళ్ళింది.