టవర్ లేని చోట ఎదురుగా ఇంకో విమానం వస్తే?

ప్రశ్న: టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మొన్ననే ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. వేసవిలో మేం వెళ్తే చిన్న విమానంలో తిప్పుతానంటున్నాడు. వాళ్ళ ఊరి ఎయిర్‌పోర్టుకి కంట్రోల్ టవరే లేదట! ఎదురుగా ఇంకో విమానం వస్తే ఎవరు చూస్తారు? అప్పట్నుంచీ ఒకటే టెన్షన్.
– ఓ తల్లి, గుంటూరు

జవాబు: టవర్ లేదని కంగారు పడకండమ్మా. అమెరికాలో అందరూ వాడుకునే ఎయిర్‌పోర్టులు 5,000 దాకా ఉంటే, టవర్ ఉన్నవి 500 పైచిలుకే. మిగతా చోట్ల పైలట్లు ఒకే రేడియో ఫ్రీక్వెన్సీలో ఉండి, తామెక్కడున్నదీ ఏం చేయబోతున్నదీ ఒకరికొకరు చెప్పుకుంటూ, రన్‌వే చుట్టూ ఒకే వరసలో, మామూలుగా ఎడమవైపు తిరుగుతూ దిగుతారు.

అలాగని మీ భయం ఉత్తదేం కాదు. మబ్బుల్లోనో చీకట్లోనో గుద్దుకుంటాయనుకుంటాం గానీ, ఇవి ఎక్కువగా జరిగేది పట్టపగలు, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, రన్‌వే దగ్గర్లోనే. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో అదే జరిగింది. అదీ టవర్ లేని ఎయిర్‌పోర్టే. సెస్నా 152 అనే చిన్న విమానం చుట్టు తిరిగి దిగుతుంటే, వెనక నుంచి రెండు ఇంజన్ల సెస్నా 340 నేరుగా, దానికంటే ఎంతో వేగంగా వచ్చేసింది. ఇద్దరు పైలట్లూ రేడియోలో మాట్లాడుతూనే ఉన్నారు, అయినా ముగ్గురు చనిపోయారు. రేడియోలో చెప్పేశాం కదా అంటే చాలదమ్మా, కళ్ళతో వెతకాలి.

ఆ వెతకడంలోనే ఉంది కష్టమంతా. అద్దంలో పక్కకి జరిగిపోతున్న విమానంతో మనకి పేచీ లేదు. సరిగ్గా మన మీదికి వచ్చేదే కదలదు, అద్దం మీద దోమ మరకలా ఒకే చోట ఉండి, చివరి క్షణాల్లో ఒక్కసారిగా పెద్దదైపోతుంది. మన కన్నేమో కదిలేవాటినే చప్పున పట్టుకుంటుంది. చూసి, గుర్తుపట్టి, విమానాన్ని పక్కకి తిప్పేసరికి పన్నెండున్నర సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన శాఖ లెక్క. గంటకి 200 కిలోమీటర్ల చొప్పున ఎదురెదురుగా వచ్చే రెండు విమానాల మధ్య ఆ కాస్త టైములోనే దాదాపు 1.4 కిలోమీటర్ల దూరం తరిగిపోతుంది! అందుకే ఆకాశాన్ని పది డిగ్రీల ముక్కలుగా చూసుకుంటూ, ఒక్కో ముక్క దగ్గర సెకనైనా చూపు నిలపమని నేర్పుతారు. చుట్టుపక్కల విమానాలని చూపించే స్క్రీన్లు ఇప్పుడు చాలావాటిలో ఉంటున్నాయి, మంచిదే, కానీ సిగ్నల్ పంపే పరికరం లేని విమానం అందులో కనపడకపోవచ్చు, కాబట్టి బాబు తల దించుకుని దాన్నే చూస్తూ కూర్చోకూడదు.

ఇక మీ పని. పక్క సీటు మీకే ఇమ్మనండి. విమానం ముక్కు పన్నెండు గంటలు, కుడి రెక్క మూడు, ఎడమ రెక్క తొమ్మిది అనుకుని, ఏదైనా కనపడగానే "రెండు గంటల దగ్గర, మనకంటే పైన" అని చెప్పండి. బాబు "చూశా" అనేదాకా వేలు దించకండి. దిగే ముందు పది నిమిషాలు మాత్రం కబుర్లన్నీ ఆపేసి, మీరూ బయటికే చూస్తూ ఉండండి.